జడభరతుని నడక

శామీర్‌పేట పరిసరాల జీనోమ్ వ్యాలీలో జీవశాస్త్ర ప్రయోగశాలలు వెలిశాయి. వాటి చుట్టూ ఉన్న మేడ్చల్ గ్రామాలలో మాత్రం, మాటలు రాని శిశువును చూసి ‘పూర్వజన్మ పాపం’ అనే వారింకా ఉన్నారు. ఆ మాట తగిలేది తల్లికి.

ఆటిజంతో సంబంధమున్న జన్యువులు వందలు. కొన్ని మార్పులు వంశానుగతంగా సంక్రమిస్తాయి. కొన్ని శిశువులోనే నూతనంగా ఉద్భవిస్తాయి. గర్భస్థదశ నుండే నాడీకణాల అనుసంధానం వేరొక రీతిన సాగుతుంది. తల్లి అనాదరణే కారణమని పాశ్చాత్య వైద్యులు కొందరు గత శతాబ్దంలో భ్రమించారు. ఆ వాదాన్ని శాస్త్రం త్రోసిపుచ్చింది. కర్మగతి గహనమని గీతాచార్యుడే చెప్పగా, రచ్చబండ మీది వారికి అది ఎలా అవగతమైందో!

భాగవత పంచమస్కంధంలో రహూగణుని పల్లకి కుదుపులకు లోనైంది. రాజు బోయీని పరిహసించాడు. ప్రాణిహింస జరుగరాదని నేల చూసుకుంటూ నడిచినందువల్లనే జడభరతుని అడుగు తక్కినవారితో కలవలేదు. అంతమాత్రాన ఆయనకు ఆటిజమని నిర్ణయించడం సాహసం. ప్రతి శిశువునూ జ్ఞానిగా పూజించడం కూడా ఒక వెలివేతే. బిడ్డకు కావలసినవి వాక్చికిత్స, బడి, తోటిపిల్లలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. మేధోవైకల్యం గల వారికై 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ సమీపంలోనే, సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఉంది.

ఇక ఆలయం. ఇట్టి బాలలలో అనేకులకు ఘోషయంత్రాల ధ్వని, జనసమ్మర్దం దుర్భరం. వారంలో ఒక పూట మైకు ఆపి, ఆ కుటుంబాలను నెమ్మదిగా దర్శనానికి రానిస్తే చాలు. మైకు ఆపడానికి ఏ ఆగమమూ అడ్డురాదు.