తలుపు తడదాం! పొద్దున్నే పలకరిద్దాం!

వనస్థలిపురం ఎన్జీవోస్ కాలనీ, చుట్టుపక్కల వీధుల్లోని పెద్దలకు, వారి ఇరుగుపొరుగుకు విజ్ఞప్తి



మనది ఉద్యోగుల కాలనీ. సర్వీసులో ఉండగా లోన్లు పెట్టి, పీఎఫ్ తీసి కట్టుకున్న ఇళ్లివి. ఒకప్పుడు టిఫిన్ బాక్సులతో సిటీ బస్సుల వెంట పరుగెత్తిన మనమే ఇప్పుడు పెన్షనర్లం. పిల్లలు గచ్చిబౌలిలోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో స్థిరపడ్డారు. ఆరుగురు తిరిగిన ఇంట్లో ఇద్దరం ఉంటున్నాం. కొన్ని ఇళ్లలో ఆ ఇద్దరిలోనూ ఒక్కరే మిగిలారు.

మొన్నటి వానల్లో మన వీధుల్లోనే ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ రాత్రిపూట బాత్రూములో జారిపడ్డారు. పొద్దున పనిమనిషి వచ్చి బెల్లు కొట్టి చూసి, అమ్మగారు ఊరెళ్లారనుకుని వెళ్లిపోయింది. గేటుకు పాల ప్యాకెట్ వేలాడుతూనే ఉంది. పేపరు మెట్ల మీదే ఉంది. ఆ గేటు ముందు నుంచే ఎంతోమంది వాకింగ్‌కు వెళ్లొచ్చారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా ఆమె నేల మీదే ఉన్నారు. ఏరియా ఆసుపత్రి మన వనస్థలిపురంలోనే ఉంది. దగ్గరుండి ఏం లాభం, పడ్డ సంగతి పక్కింటికే తెలియనప్పుడు?

ప్రతి గంటా విలువైనదే!

జారిపడితే: దెబ్బ చిన్నదైనా లేవలేక గంటల తరబడి గచ్చు మీద పడి ఉంటే ఒంటి బరువుకి కండరాలు నలిగిపోతాయి. వాటి నుంచి వచ్చే విషం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఒంట్లో నీరు తగ్గుతుంది, చర్మం పుండు పడుతుంది. తుంటి ఎముక విరిగినప్పుడు కూడా ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత త్వరగా మనిషి లేచి నడుస్తాడు.

పక్షవాతం వస్తే: మూతి ఒక పక్కకు లాగడం, చెయ్యి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం దీని గుర్తులు. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ దాన్ని మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అందుకే డాక్టరు మొదట అడిగే ప్రశ్న: "ఈయన చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?" ఒంటరిగా ఉన్న మనిషి గురించి దీనికి జవాబు ఎవరు చెప్పాలి? పొద్దున ఏడున్నరకు మాట్లాడిన పక్కింటివాళ్లుంటే చెప్పగలరు. ఆ ఒక్క జవాబు మీదే వైద్యం ఆధారపడొచ్చు.

ఫోన్‌లో దొంగలు పడితే: "మీ ఆధార్ మీద కేసుంది, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కెమెరా ముందు నుంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు" అని బెదిరించి రిటైర్మెంట్ డబ్బంతా ఊడ్చేస్తున్నారు. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఏ పోలీసూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో మనిషిని నిర్బంధించరు. ఈ మోసమంతా మనిషిని ఒంటరిని చేయడంలోనే ఉంది. ఆ సమయంలో పక్కింటాయన వచ్చి తలుపు తడితే సగం భయం అక్కడే వదులుతుంది. డబ్బు పోయినా వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేస్తే అది చేతులు మారకముందే బ్యాంకుల్లో ఆపించే అవకాశం ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది.

మనం చేద్దామనుకుంటున్నది ఇదీ

1. ప్రతి ఐదారు ఇళ్లకు ఒక పలకరింపు జట్టు. జట్టులోని పెద్దలంతా పొద్దున ఎనిమిది లోపు ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలి. వాట్సాప్ రానివాళ్లు ఒక మిస్డ్ కాల్ ఇచ్చినా చాలు.

2. ఎనిమిదైనా కబురు లేకపోతే రెండుసార్లు ఫోన్ చేయాలి. ఎత్తకపోతే జట్టులో ఒకరు వెళ్లి తలుపు తట్టాలి. "పడుకున్నారేమోలే" అని వెనక్కి రాకూడదు. నిద్ర చెడితే మధ్యాహ్నం కునుకు తీయొచ్చు.

3. ఇంటి తాళంచెవి ఇంకొకటి నమ్మకమైన పొరుగింట్లో ఉంచాలి. కవరులో పెట్టి, అంటించి, మీద సంతకం చేసి ఇవ్వండి. రాత్రి తలుపుకి లోపలి గొళ్లెం పెడితే ఆ తాళంచెవి ఎందుకూ పనికిరాదు. బయటి నుంచి కూడా తెరవగలిగే తాళం బిగించుకోండి. ఒంటరిగా ఉన్నప్పుడు బాత్రూము గడియ వేసుకోకండి.

4. ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. బీపీ, షుగరు వివరాలు, వాడే మాత్రలు, పడని మందులు, ముఖ్యంగా రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి రాయండి. అమెరికాలో ఉన్న కొడుకు నంబరుతో పాటు ఈ ఊళ్లో ఉన్న ఒక బంధువు నంబరు కూడా ఉండాలి.

5. ఊరెళ్లేటప్పుడు జట్టుకి చెప్పి వెళ్లండి.

6. పాలబ్బాయికి, పేపరబ్బాయికి, పనిమనిషికి, వాచ్‌మన్‌కి జట్టులో ఒకరి నంబరివ్వండి. నిన్నటి పేపరు ఇవాళ కూడా మెట్ల మీదే కనిపిస్తే ముందు పసిగట్టేది వాళ్లే.

కొందరి సందేహాలు

"నాకింకా ఒంట్లో శక్తి ఉంది, ఒకరి మీద ఆధారపడను" అంటున్నారు కొందరు. మంచిదే! అలాంటివాళ్లే జట్టుకి ముందు కావాలి. మీరు నలుగురినీ పలకరించండి.

"మా అబ్బాయి కెమెరాలు పెట్టించాడు" అంటున్నారు ఇంకొందరు. కెమెరా హాల్లో ఉంటుంది, మనం పడేది బాత్రూములో. పైగా మనకు తెల్లారేసరికి అమెరికాలో రాత్రి. అబ్బాయి చూసినా, అక్కణ్ణించి ఫోన్ చేయాల్సింది మళ్లీ మన పక్కింటికే. ఆ పక్కింటి నంబరు అతని దగ్గర ఉందా?

"తాళంచెవి ఇస్తే భద్రమేనా?" ఎవరికివ్వాలో మీ ఇష్టం. జట్టులో అందరికీ అక్కర్లేదు, ఒక్కరికిస్తే చాలు. అలా ఒక్కరూ లేరనిపిస్తే ఆ ఒక్కరిని వెతుక్కోవడానికే ఈ ప్రయత్నం.

అద్దెకుంటున్న యువకులకు, కొత్తగా వచ్చిన కుటుంబాలకు

ఈ వీధుల్లో పెద్దలకు మీ అవసరం ఉంది. ఆఫీసుకి వెళుతూ "బాగున్నారా తాతయ్యా" అని ఒక్క మాట అనండి. రాత్రి బండి వీధికి అడ్డంగా పెట్టకండి. అంబులెన్సు లోపలికి రావాలంటే ఆ దారే రావాలి.

మున్సిపల్ అధికారులను, ప్రజాప్రతినిధులను మనం అడగాల్సినవి

• ప్రతి మలుపులో వీధి పేరు, ఇళ్ల నంబర్లు చూపే బోర్డులు. పాత ప్లాటు నంబరొకటి, కొత్త ఇంటి నంబరొకటి ఉండి అర్ధరాత్రి వచ్చిన అంబులెన్సు వీధులు తిరగాల్సి వస్తోంది.
• వెలగని వీధి దీపాలకు వెంటనే మరమ్మతు.
• తవ్వి వదిలేసిన గుంతలు పూడ్చడం, పెద్దలు నడవగలిగే ఫుట్‌పాత్‌లు.

అప్పటిదాకా మనం చేయగలిగిందొకటుంది. ఈ వారంలోనే ప్రతి ఇంటివాళ్లూ గేటు మీద నంబరు పెద్దక్షరాలతో, రాత్రి కూడా కనిపించేలా రాయించుకోవాలి.

గుర్తుంచుకోవలసిన నంబర్లు

అంబులెన్సు: 108
పోలీసు, ఇతర అత్యవసరాలు: 112
సైబర్ మోసం: 1930
వృద్ధుల సహాయవాణి: 14567 (ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు)

రండి, జట్టు కడదాం!

వచ్చే ఆదివారం ఉదయం 7 గంటలకు కాలనీ పార్కులో కలుద్దాం. వీధులవారీగా జట్లు అక్కడే ఏర్పడతాయి. అధికారులకిచ్చే వినతిపత్రం మీద సంతకాలూ అక్కడే. నడవలేనివాళ్లు ఇంట్లోనే ఉండండి, మేమే వచ్చి పేరు రాసుకుంటాం. చందా లేదు, సభ్యత్వ రుసుము లేదు, పార్టీ లేదు, కులం లేదు. ఈ కాగితం చదివాక పారేయకుండా పక్కింటి పెద్దాయన చేతిలో పెట్టండి. ఆయన పలికే దాకా అక్కడే నిలబడండి.

పక్కింటి తలుపు తడదాం!
ఒంటరిగా ఏ ఒక్కరినీ వదలం!

ఇట్లు
మీ కాలనీ పెద్దలు, ఇరుగుపొరుగు