మీసం మజ్‌హబ్ కాదు

మేం ముస్లిం మగవాళ్లం. సినిమాల్లో మమ్మల్ని గూండాలుగా చూపిస్తే మండిపడతాం. నాలుగు పెళ్లిళ్ల వెటకారాలకు మా నెత్తురు మరుగుతుంది. మరగాల్సిందే. అయితే మా గడప లోపలి సంగతి కూడా చెప్పుకోవాలి. బయటివాడికి ఆయుధం అవుతుందని ఇన్నాళ్లూ నోరు కట్టేసుకున్నాం. దానివల్ల బాగుపడ్డది మేమే, మా అక్కచెల్లెళ్లు కాదు.

నిఖా నాడు ఖాజీ మెహర్ ఎంతో చదువుతాడు. అది మగవాడు ఆడదానికి ఇచ్చుకోవాల్సింది. ఖురాన్‌లో సూరా నిసా నాలుగో ఆయత్ చెప్పేది అదే. కానీ ఆ షామియానా లేవకముందే పిల్ల తండ్రి 'జోడే కీ రఖమ్' ముట్టజెప్పి ఉంటాడు. హైదరాబాదులో దాని పేరది. కోస్తాలో ఉత్త కట్నం. మంచం, బీరువా, మోటారుసైకిలు వేరే లెక్క. కట్నం చేతికి, మెహర్ కాగితానికి! ఆ కాగితం మీది మెహర్‌ని కూడా మాఫ్ చేయించుకుంటాం. కొందరం తొలిరాత్రే. ఇంకొందరికి జనాజా లేచే వేళ, శవం పక్కన ఏడుస్తున్న భార్య చేత చెప్పిస్తారు.

ఇది ఏ షరియత్? ఇది జాగీర్దారు దేవిడీలో, దొర గడీలో, పక్కింటి పెళ్లిపందిట్లో నేర్చుకున్న మగతనం. కట్నం పుచ్చుకునేటప్పుడు మేం నిఖార్సయిన తెలుగు మగాళ్లం. ఆడది హక్కు అడిగితే మాత్రం పక్కా ముసల్మానులం. ఖురాన్ కూతురికి రాసిచ్చిన ఆస్తి వాటా మాటెత్తితే, రెండూ కాం.

రసూల్ తన చెప్పులు తానే కుట్టుకునేవారని, ఇంటిపనిలో సాయం పట్టేవారని హజ్రత్ ఆయిషా చెప్పారు. హజ్రత్ ఖదీజా వ్యాపారం చేసిన మనిషి, పెళ్లి కబురు పంపింది కూడా ఆమే. మా ఇళ్లలో చాయ్ కప్పు కడిగిన మగాడు 'జోరూ కా గులామ్'!

1985లో సుప్రీంకోర్టు షాబానోకు నెలకు 179 రూపాయల 20 పైసల భరణం ఖాయం చేస్తే, దీన్‌కు ముప్పని వీధికెక్కాం. జోడే కీ రఖమ్ మీద అంత జులూసు ఎన్నడైనా తీశామా? 1992లో బాబ్రీ కూలింది. బయట తిన్న దెబ్బకు ఇంట్లో ఆడవాళ్ల మీద కాపలా పెంచి జవాబు చెప్పుకున్నాం. ఒక్క ఊపిరిలో మూడు తలాఖులు చెప్పే దురాచారాన్ని మేమే మాన్పించి ఉంటే, 2019లో మూడేళ్ల జైలు చట్టానికి సాకు దొరికేదా? ఆ కర్ర అందించింది మేమే.

హదీసు మీసం కత్తిరించమంది. మేం మెలేశాం. మెలేసిన మీసానికి ఇస్లాం అని పేరు పెట్టాం.

ముందు రఖమ్ వాపసు చేద్దాం. మెహర్ ఆమె చేతిలో పెడదాం. షరియత్ గురించి గొంతెత్తే అర్హత అప్పుడు వస్తుంది.