ముక్కు సాక్ష్యం

"ఏమండీ, పిల్లలకు పాఠాలు చెప్పుకునే మనుషులం. అక్కడ ఆ సీసాల జోలికి మాత్రం పోకండి" అని విమానం ఎక్కకముందే మా ఆవిడ హెచ్చరించింది. తీరా కాలిఫోర్నియాలో నా బాల్యమిత్రుడి ఇంట దిగిన మొదటి శనివారమే, పెరట్లో బల్లమీద నాలుగు సీసాలు కాగితాల ముసుగులు వేసుకుని కూర్చున్నాయి.

అన్నీ తెల్ల వైన్లే. తెలుపంటే పాలతెలుపు కాదు లెండి, ఎండుగడ్డి రంగు. పేరు తెలిస్తే నాలుక పక్షపాతం చూపిస్తుందట, అందుకని ముసుగులు. 1976 మే 24న పారిస్‌లో స్పరియర్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఇలాగే పేర్లు దాచి పోటీ పెడితే, ఫ్రెంచి పెద్దలే తమ బర్గండీ వైన్లను కాదని కాలిఫోర్నియా 'షాటో మాంటెలీనా' వారి 1973 షార్డొనేకు మొదటి స్థానం ఇచ్చారు. మేమూ ఆ పద్ధతిలోనే 20కి మార్కులు వెయ్యాలన్నారు. మార్కులంటే నాకు భయమా?

పైగా ఉపన్యాసం కూడా దంచాను. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ద్రాక్షరసపు మద్యాన్ని 'మధువు' అన్నాడనీ, పుట్టిన దేశాన్ని బట్టి కాపిశాయనం, హారహూరకం అని పేర్లు చెప్పాడనీ. తీరా గ్లాసు చేతికొచ్చాక ఒక్క మాట దొరకలేదు.

మాట దొరకాలి మరి. మా వాడికి 2021లో కోవిడ్ వచ్చి తగ్గింది గాని, పోయిన వాసన తిరిగి రాలేదు. చిన్నప్పుడు వీధి మొగలోనే వాళ్ళమ్మ పోపులో ఇంగువ వేసిందో లేదో చెప్పిన ముక్కు అది! ఇప్పుడు తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుకకు తెలుస్తాయి. మిగతా రుచి అంతా ముక్కు పనే కదా. "మీరు చెప్పండిరా, నేను వింటాను" అన్నాడు.

మొదటిది కోసిన పచ్చిమిరపకాయలా వుందన్నాను. అందరూ నవ్వారు. అది సావిన్యాన్ బ్లాంక్. కాప్సికంలోని పైరజీన్లే ఇందులోనూ వుంటాయని, రసాయనశాస్త్రం చదువుతున్న వాళ్ళమ్మాయి నా పరువు నిలబెట్టింది. రెండోది షార్డొనే. వెన్న వాసన! ఆపిల్ పులుపును సూక్ష్మజీవులు పెరుగు పులుపుగా మార్చేటప్పుడు ఆ వాసన పుడుతుందట. మన పెరుగుకుండకు దూరపు చుట్టమన్నమాట. మూడోదాన్ని మరీ చల్లబరిచారు, వాసనే లేవలేదు.

నాలుగోది నోట్లో పోసుకుని మా వాడు, "తీపి వుందిరా, పులుపు దాన్ని దాచేస్తోంది" అన్నాడు. నిజమే. కాని వాసన ఏమిటో మాకెవరికీ అంతు చిక్కలేదు. ఇంతలో పకోడీలు తెచ్చిన మా ఆవిడ నా గ్లాసు ఎత్తి వాసన చూసి, "ఛీ, కిరసనాయిలు!" అంది.

ముసుగు తీస్తే పాత రీస్లింగ్. ముదిరిన రీస్లింగ్‌కు ఆ వాసన సహజమేనట, దోషం కాదట.

మా వాడు కుర్చీలో ముందుకు వంగాడు. "ఏ కిరసనాయిలు చెల్లెమ్మా? స్టవ్వుదా, లాంతరుదా?"

ఆవిడ నవ్వలేదు. గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని చూసింది.

"లాంతరుదే అన్నయ్యగారూ. అప్పుడే ఆర్పిన లాంతరు."

పదోతరగతి పరీక్షలకు వాళ్ళ అరుగుమీద ఒకే లాంతరు ముందు చదివినవాళ్ళం మేమిద్దరం. వాడు ఆ గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే వున్నాడు. "వస్తోందా?" అని అడగడానికి నాకు నోరు రాలేదు.

"ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు.