కోటగిరిలో పోస్టింగ్.. కాపురం ఎక్కడ?

కోటగిరి అనగానే చాలామందికి ఊటీ పక్కన టీ తోటలు గుర్తొస్తాయి. నేను చెప్పేది ఆ కోటగిరి గురించి కాదు. నిజామాబాద్ నుంచి బోధన్ దాటి, రుద్రూరు మీదుగా వెళ్తే వచ్చే మన కోటగిరి. చుట్టూ నిజాంసాగర్ కాలువ కింద వరి పొలాలు, ఇంకాస్త పడమరకి పోతే మంజీర, అది దాటితే మహారాష్ట్ర. అసెంబ్లీకేమో బాన్సువాడ నియోజకవర్గం, జిల్లా మాత్రం నిజామాబాద్. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక విషయానికి వద్దాం. 2024 డీఎస్సీలో తెలంగాణలో 11,062 టీచరు పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది, ఆ అక్టోబర్లో నియామక పత్రాలు ఇచ్చారు. ఆ తర్వాత మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఇళ్ళల్లో ఒక కొత్త రకం చర్చ మొదలైంది. భర్త హైదరాబాద్‌లో ఐటీ, వారానికి రెండు రోజులు ఆఫీసు, మిగతాది ఇంటినుంచి. భార్యకి ఎస్జీటీగా ఉద్యోగం, పోస్టింగ్ కోటగిరి మండలంలో. నాలుగేళ్ళ పిల్లాడు. ఇప్పుడు ఎక్కడుండాలి? కోటగిరిలోనా, బోధన్‌లోనా, బాన్సువాడలోనా, నిజామాబాద్‌లోనా?

చుట్టాలూ స్నేహితులూ అందరూ చెప్పే జవాబు దాదాపు ఒకటే. "నిజామాబాద్‌లో ఉండండి, మంచి స్కూళ్ళుంటాయి, మంచి ఆసుపత్రులుంటాయి. అప్ అండ్ డౌన్ చేసుకోవచ్చులే."

"చేసుకోవచ్చు" అన్న ఈ క్రియకి కర్త ఎవరో ఎవరూ చెప్పరు. కర్త ఆవిడ. సలహా ఇచ్చేది పదిమంది, బస్సెక్కేది ఒక్కరు.

నా వాదన చాలా చిన్నది. ఇంట్లో రెండు ఉద్యోగాలున్నప్పుడు ఏ ఉద్యోగం కదలదో దాని దగ్గర ఇల్లు తీసుకోవాలి. కదలగలిగే ఉద్యోగం వాళ్ళే దూరాన్ని మొయ్యాలి. బడిని వైఫై మీద నడపలేం. మన స్టాండప్ మీటింగ్ మాత్రం కోటగిరిలో గది తలుపేసుకుని కూడా అయిపోతుంది. ఇంత తేలికైన విషయాన్ని మనం తలకిందులుగా ఎందుకు చేస్తామో నాకు అర్థం కాదు.

కాస్త లెక్కేద్దాం. నిజామాబాద్ నుంచి బోధన్‌కి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. అక్కడినుంచి కోటగిరికి ఇంకో ఇరవై దాకా. నేరుగా బస్సు దొరికితే సరే, లేకపోతే బోధన్‌లో మారాలి. స్కూలు మండల కేంద్రంలో కాకుండా లోపలి పల్లెలో పడితే మళ్ళీ ఆటో. ఇంటి గుమ్మం నుంచి బడి గుమ్మం దాకా గంటన్నరకి తక్కువ వేసుకోకండి. అంటే రోజుకి మూడు గంటలు. బడి పనిదినాలు 220 అనుకుంటే ఏడాదికి 660 గంటలు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున చూస్తే ఎనభై రెండు పనిదినాలకి పైనే! మనకెవరైనా మేనేజరు "ఏడాదికి ఎనభై రెండు రోజులు అదనంగా, జీతం లేకుండా పనిచెయ్యి" అంటే ఆ సాయంత్రానికే రెజ్యూమె అప్‌డేట్ చేస్తాం.

ఈ ఖర్చు కనపడకపోవడానికి ఈమధ్య ఇంకో కారణం తోడైంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టరు జీరో టికెట్ కొట్టిస్తాడు. పథకం మంచిదే, దానివల్ల ఎంతమంది ఆడవాళ్ళు గడప దాటి పనులకి వెళ్తున్నారో ఆ బస్సులు చూస్తే తెలుస్తుంది. కానీ ఇంట్లో లెక్కలేసే మొగవాళ్ళకి అదొక సాకు కూడా అయింది. "బస్సు ఫ్రీనే కదా" అంటారు. టికెట్ మీద సున్నా ఉంది నిజమే. ఆ మూడు గంటలు ఏ టికెట్ మీదా అచ్చవ్వవు.

ఇంకోటి. ఆలస్యమైతే హెడ్మాస్టర్ గారు చూసీచూడనట్టు వదిలేసే కాలం పోయింది. 2025 ఆగస్టు నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో టీచర్ల హాజరు కూడా ఫోన్‌లో ముఖం చూపించి వెయ్యాల్సిందే. బోధన్‌లో కళ్ళముందే బస్సు తప్పిపోతే అది ఇదివరకులా సర్దుకునే విషయం కాదు. ఇక కోతలప్పుడు ఆ దారుల సంగతి చూసినవాళ్ళకి తెలుసు. వానాకాలం పంటకొకసారి, యాసంగికొకసారి రోడ్డు మీద సగం వరకూ వడ్లు ఆరబోసి, అంచుకి రాళ్ళు పెడతారు. హార్వెస్టర్లు, ట్రాక్టర్లు సరేసరి. చీకటిపడ్డాక స్కూటీ మీద ఆ దారిన రావడం అంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే.

ఇప్పుడు భర్తగారి వైపు లెక్క. ఆయన వారానికోసారి హైదరాబాద్ వెళ్ళి, రెండు రోజులుండి, వెనక్కొస్తాడు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్‌కి సుమారు 175 కిలోమీటర్లు. నిజామాబాద్‌లో కాకుండా బోధన్‌లో ఉంటే ఆయనకి పోనూ రానూ కలిపి వారానికి పెరిగేది యాభై కిలోమీటర్లు. అదే ఆవిడకి బోధన్‌లో ఉండటం వల్ల తగ్గేది రోజుకి యాభై, ఆరు రోజులకి మూడొందలు. ఒకరికి యాభై పెరిగి, ఇంకొకరికి మూడొందలు తగ్గుతుంటే ఇందులో ఆలోచించడానికేముంది? అయినా ఇళ్ళల్లో ఈ లెక్క వెయ్యరు. ఎందుకంటే ఆయనది "అసలు ఉద్యోగం", ఆవిడది "ఏదో గవర్నమెంటు జాబు వచ్చింది".

నిజంగా ఏది అసలు ఉద్యోగం? జీతం చూస్తే మనదే పెద్దది, ఒప్పుకుంటాను. కానీ 2022, 2023ల్లో ఎన్ని కంపెనీలు పొద్దున్నే మెయిల్ పంపి మనుషుల్ని తీసేశాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2020లో ఇంటినుంచి చెయ్యమన్నవాళ్ళే మళ్ళీ ఆఫీసుకి రమ్మని పిలిచారు. పదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో ఖచ్చితంగా ఉండే జీతం ఏదంటే ఆ ఎస్జీటీ జీతమే. నిలకడగా ఉన్నదాని చుట్టూ సంసారం అల్లుకోవాలి గానీ, ఎప్పుడు ఊగుతుందో తెలియని దాని చుట్టూ కాదు.

సరే, ఇప్పుడు ఒక్కో ఊరూ చూద్దాం.

నిజామాబాద్: స్కూళ్ళు, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, రైలు, అన్నీ ఉన్నాయి. 2023 ఆగస్టులో ఐటీ హబ్ కూడా మొదలుపెట్టారు. కానీ మీ కంపెనీ అందులో లేకపోతే ఆ బిల్డింగ్ వల్ల మీకు ఒరిగేదేమీ లేదు, ఫొటో తీసుకోవచ్చు అంతే :-) పైగా ఇంటి అద్దె భత్యం ఉద్యోగం చేసే చోటుని బట్టి ఇస్తారు గానీ, కాపురం ఉండే చోటుని బట్టి కాదు. 2021లో వచ్చిన పీఆర్సీ ప్రకారం నిజామాబాద్ నగరంలో పనిచేసేవాళ్ళకి మూలవేతనం మీద 17 శాతం, కోటగిరి లాంటి చోట్ల 11 శాతం. ఎస్జీటీ ఆరంభ మూలవేతనం 31,040 మీద చూస్తే ఒకటి 5,277 రూపాయలు, ఇంకోటి 3,414. నగరంలో అద్దె కట్టి మండలం భత్యం తీసుకుంటారన్నమాట. ఐటీ జీతం ఉన్న ఇంటికి ఇదేం పెద్ద దెబ్బ కాదు. కాకపోతే నిజామాబాద్ వల్ల డబ్బు కూడా కలిసి రాదని చెప్పడానికి రాస్తున్నాను.

బాన్సువాడ: చక్కటి ఊరు. ఆర్టీసీ డిపో ఉంది, మాతాశిశు ఆసుపత్రి ఉంది, మెదక్ మీదుగా హైదరాబాద్ పోవచ్చు. ఎమ్మెల్యే కూడా ఒకరే కాబట్టి అంతా ఒకటే అనిపిస్తుంది. కానీ 2016 అక్టోబర్లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది, కోటగిరి నిజామాబాద్‌లోనే ఉండిపోయింది. ఎస్జీటీది జిల్లా క్యాడర్. రేపు మామూలు బదిలీల్లో ఆవిడ ఆర్మూర్ వైపుకో బాల్కొండ వైపుకో వెళ్ళొచ్చు గానీ బాన్సువాడకి రాలేరు. పిల్లాడి సంగతీ ఉంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ కనీసం నాలుగేళ్ళు చదివితే అక్కడే స్థానికుడు. తల్లి ఉద్యోగం ఒక జిల్లాలో, కొడుకు స్థానికత ఇంకో జిల్లాలో. తెలిసి ఎంచుకుంటే తప్పులేదు, తెలియకుండా జరిగిపోతేనే ఇబ్బంది.

కోటగిరి: నా లెక్క ప్రకారం ఇదే మొదటి స్థానంలో ఉండాలి. నడిచి బడికి పోవచ్చు. మధ్యాహ్నం పిల్లాడికి జ్వరమొస్తే పది నిమిషాల్లో ఇంట్లో ఉండొచ్చు. కానీ చిన్న ఊళ్ళని ఊరికే పొగడటం నాకు ఇష్టం లేదు. అద్దె ఇళ్ళు తక్కువ. దొరికినా, ఇల్లు చూపించేముందు కులం అడిగే ఓనర్లు ఇంకా ఉన్నారు, అది పల్లెల్లోనే కాదు, హైదరాబాద్‌లోనూ ఉన్నారు. కాకపోతే నగరంలో పక్క వీధిలో ఇంకో ఇల్లుంటుంది, ఇక్కడ ఆ వీధి ఒక్కటే. కొత్త టీచరమ్మ ఎప్పుడొచ్చింది, ఎవరితో మాట్లాడింది, మొగుడు ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నాడు.. ఊరంతటికీ కావాలి. దీన్ని భరించగలరా లేదా అన్నది ఆవిడే తేల్చాలి, మనం కాదు.

బోధన్: నా ఓటు దీనికే. మున్సిపాలిటీ, ఆర్టీసీ డిపో, ప్రభుత్వ ఆసుపత్రి, పిల్లాడికి సరిపడా స్కూళ్ళు. తెలుగు, ఉర్దూ, మరాఠీ అన్నీ వినపడే ఊరు, కొత్తవాళ్ళని వింతగా చూడరు. కోటగిరికి ఒక్క బస్సు, ముప్పావుగంట. ఏడాదికి 660 గంటలు కాస్తా 330 అవుతాయి. మిగిలిన 330 గంటల్లో నిద్ర ఉంది, పిల్లాడి చదువు ఉంది, ఏమీ చెయ్యకుండా కూర్చునే కాసేపు కూడా ఉంది.

ఒక్క షరతు, ఎక్కడైనా అద్దెకే ఉండండి. టీచర్ల బదిలీ నిబంధనల్లో రెండేళ్ళు నిండితే దరఖాస్తు చేసుకోవచ్చు, ఎనిమిదేళ్ళు నిండితే కదలక తప్పదు. ఒక ఉద్యోగాన్ని నమ్ముకుని ఊళ్ళో పాతుకుపోతే ఏమవుతుందో బోధన్ శక్కర్‌నగర్ కంటే బాగా ఎవరూ చెప్పలేరు. 1930లలో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. క్వార్టర్లు, బడి, ఆటస్థలం, ఒక పూర్తి లోకం దాని చుట్టూ పెరిగింది. 2015 డిసెంబర్లో లేఆఫ్ ప్రకటించారు. ఇళ్ళు ఉన్నాయి, ఆ ఇళ్ళకి కారణమైన పని పోయింది.

అయితే ఆ చుట్టుపక్కల చరిత్రే ఇంకో సంగతి కూడా చెబుతుంది. నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక కోస్తా జిల్లాల నుంచి రైతులు ఇక్కడికొచ్చి భూములు కొన్నారు. వర్ని, బోధన్ చుట్టూ "క్యాంపు" అని పేరున్న ఊళ్ళన్నీ అలా పుట్టినవే. వాళ్ళు పొలం దగ్గరే గుడిసె వేసుకున్నారు. ఫ్యాక్టరీ కార్మికుడు ఫ్యాక్టరీ పక్కనే ఉన్నాడు. పని ఒకచోట, కాపురం నలభై కిలోమీటర్ల అవతల అన్న పద్ధతి నెలజీతగాళ్ళం మనం తెచ్చుకున్నదే.

"మరి సాఫ్ట్‌వేర్ పని బోధన్‌లో నడుస్తుందా?" అంటే, ఇల్లు తీసుకునేముందు చూసుకోవాల్సినవి నాలుగే. ఆ వీధిలోకి ఫైబర్ కనెక్షన్ ఇస్తారా, రెండో నెట్‌వర్క్ సిగ్నల్ ఉందా, ఇన్వర్టర్‌కి చోటుందా, తలుపేసుకునే గది ఉందా. వాళ్ళు ఇస్తామనడం వేరు, పక్కింట్లో ఆల్రెడీ ఉండటం వేరు. పక్కింటి తలుపు కొట్టి అడగండి.

చివరగా, ఇంత చెప్పినా నిజామాబాదే బాగుంటుందనిపిస్తే ఒక చిన్న టెస్ట్ చెయ్యండి. బడికి టైముకి చేరేలా పొద్దున్న నిజామాబాద్ బస్టాండులో పల్లెవెలుగు ఎక్కి, కోటగిరి వెళ్ళి, సాయంత్రం బడి వదిలే టైముకి అక్కణ్ణుంచి తిరిగి బయల్దేరి, వచ్చాక కుక్కర్ పెట్టి, పిల్లాడి చేత హోంవర్క్ చేయించండి. ఒక్కరోజు కాదు, వరసగా ఆరు రోజులు. ఈ టెస్ట్ భర్తగారే చెయ్యాలి. ఆయనకి టికెట్ డబ్బులవుతాయి, తేడా అదొక్కటే. ఏడో రోజున ఇద్దరూ కూర్చుని ఊరు ఎంచుకోండి.