పెట్టయో, పుంజో?



క్రిందటి వేసవిలో మా ప్రక్కయింటి యామె, భర్త పోయిన పిదప గ్రుడ్లమ్మి జీవింపదలచి, పండ్రెండు కోడిపిల్లలను కొని తెచ్చెను. “అక్కగారూ, మీరు చదువుకొన్నవారు, ఇందులో పుంజు లెవ్వియో చెప్పుడు” అని నన్నడిగెను. అప్పటికి వాని వయస్సు మూడు వారములు. నేను తెలిసినదానివలె బోర విఱుచుకొని నడచువానిని, తోటివానిని పొడుచువానిని అయిదింటిని ఏఱి చూపితిని. మేత దండుగ యని యామె వానిని అమ్మివేసెను. అందులో మూడు, కొన్నవారి యింట నేడు గ్రుడ్లు పెట్టుచున్నవి! ఆమె నన్నొక్క మాటయు అనలేదు. అందుచేతనే యీ నెల ఇది వ్రాయుచున్నాను.

ముందు పెంపకము. తల్లికోడి యున్నచో చింత లేదు. తల్లి లేని పిల్లలకు మేతకన్న ముందు వెచ్చదనము కావలెను. వెడల్పు గంపలో ఊక పఱచి, పైన విద్యుద్దీపము వ్రేలాడదీయుడు. మొదటి వారము 95 డిగ్రీల ఫారన్‌హీటు వేడి యుండవలెను. పిదప వారమున కైదేసి డిగ్రీలు తగ్గింపవచ్చును. కొలుచు సాధనము లేనివారు పిల్లలనే చూడుడు. దీపము క్రింద గుంపుగూడి కూయుచున్నచో వానికి చలి. దూరముగా తొలగి నోరు తెఱచి రొప్పుచున్నచో వేడి యెక్కువ. నీటిపళ్లెమున గులకరాళ్లు వేయనిచో పిల్లలు పడి మునుగును. కొక్కెర తెగులు రాకుండ అయిదు, ఏడు దినముల నడుమ కంటనో ముక్కుననో టీకామందు చుక్క వేయింపవలెను.

ఇక అసలు మాట. కోలగ్రుడ్డు పుంజగుననియు, గుండ్రనిది పెట్టయగుననియు మా యమ్మమ్మ చెప్పెడిది. అది నిజము గాదు. కోళ్లలో పిల్ల పుంజగుటయు పెట్టయగుటయు తల్లివలననే నిర్ణయమగును. మనుష్యులలో నది తండ్రివలన. అయినను ఆడపిల్లను కన్నదని నిందపడునది కోడలే! పోనిండు.

పుట్టినదినముననే గుర్తించు విద్య జపానువారు కనుగొనిరి. మసూయి, హషిమోటో అనువారు దానిపై వ్రాసిన గ్రంథము 1933లో ఆంగ్లమున వెలువడినది. పిల్ల వెనుకభాగమును విప్పి చూచు పని యది. నేర్పులేని చేయి పడినచో పిల్లకు గాయమగును. మనకు వలదు.

మనకు కావలసినది ఓపిక. ఆఱవ వారమునకు పుంజుజుట్టు పెరిగి యెఱ్ఱబాఱును. పెట్టది చిన్నదై పాలిపోయి యుండును. కాని అసీలు జాతిలో జుట్టే చిన్నది గనుక అచ్చట నిది మోసగించును. కావున పది పండ్రెండు వారములవఱకు ఆగి, తోకమొదట నడుముపై మొలచు క్రొత్త యీకలను చూడుడు. పుంజునకవి సన్నగా, కొనదేలి, నిగనిగలాడుచు వ్రేలాడును. పెట్టకు కొన గుండ్రము. నాకు దీనికన్న నమ్మదగిన గుర్తు కనబడలేదు.

మా పెట్ట పొదిగిన పిల్లలలో మూడు పెట్టలను ఆమెకిత్తునని మాట యిచ్చితిని. వానికిప్పుడు తొమ్మిది వారములు నిండినవి. ప్రతిదినము ఉదయమున ఈకలు చూచుచున్నాను. ఒకటి పెట్టయని తేలినది. తక్కినవాని సంగతి యింకను తేలలేదు.