పొరల మాటున ఆర్థరు

ఆర్థరు రాజు గాథ వినని ఆంగ్ల పాఠకుడు అరుదు. ఆయన నిజంగా జీవించాడా అని అంతర్జాలాన్ని అడిగితే క్షణంలో కుప్పలుగా సమాధానాలు వస్తాయి. చిక్కు అక్కడే ఉన్నది.

6వ శతాబ్దిలో బ్రిటన్ దుస్థితిని వర్ణించిన గిల్డాస్ ఆర్థరు పేరైనా ఎత్తలేదు. సుమారు 830 నాటి ‘బ్రిటన్ల చరిత్ర’ అనే లాటిన్ గ్రంథం అతనిని సేనానిగా పేర్కొని 12 యుద్ధాలను ఆపాదించింది. 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ అతనిని దిగ్విజయం చేసిన మహారాజుగా తీర్చాడు. లాన్సెలాట్ ప్రణయమో, 12వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఫ్రెంచి కవి క్రెతియాఁ కల్పన. ఈ పొరలన్నింటినీ కలిపి చరిత్రగా వడ్డించే పుటలే అంతర్జాలంలో ఎక్కువ. ఏ మాట ఏ గ్రంథంలోనిదో చెప్పని పుట ఎంత సొగసుగా ఉన్నా విద్యార్థికి కొరగాదు.

మేలైన ఆకరాలు లేకపోలేదు. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1995లో ఆరంభమైన కామెలాట్ ప్రాజెక్టు ఆర్థరు సాహిత్యాన్ని ఉచితంగా అందించింది. ఇక మాలరీ రచన సంగతి. కాక్స్టన్ దానిని 1485లో అచ్చువేశాడు. 1934లో వించెస్టర్ కళాశాలలో వ్రాతప్రతి బయటపడింది. రెండింటినీ పోల్చగా, రోము యుద్ధ ఘట్టం అచ్చులో దాదాపు సగానికి కుదించబడినట్లు తేలింది. ప్రతులను పక్కపక్కన ఉంచి చూడనిదే ఇట్టి సంగతులు తెలియవు.

ఆ వ్రాతప్రతి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. 2023 అక్టోబరులో ఆ గ్రంథాలయంపై సైబర్ దాడి జరిగి, డిజిటల్ వ్రాతప్రతులు నెలల తరబడి అందకుండా పోయాయి. అసలు ప్రతులు అలమరల్లో భద్రంగానే ఉన్నాయి. తెర మీది ప్రతిబింబాలే కనుమరుగయ్యాయి. సముద్రాల ఆవలి విద్యార్థికి ఉన్నది ఆ ప్రతిబింబమొక్కటే.