ఈసుకుపోయిన గేదెను దాచవద్దు



2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిందని వినగానే మన ఊళ్లలోనూ చాలామంది కోడికూర మానేశారు. మన గొడ్ల చావిట్లోనే తిరిగే రోగం గురించి మాత్రం ఎవరమూ నోరు విప్పము. డాక్టర్లు దానిని బ్రూసెల్లోసిస్ అంటారు. మనకు తెలిసిన పేరు ఈసుడు రోగం.

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు పాడే ఆధారం. చూడి గేదె ఏడో నెలలోనో, ఎనిమిదో నెలలోనో ఈసుకుపోతే దిష్టి తగిలిందంటాం. ఉత్తి చేతులతో మాయ లాగుతాం. చచ్చిన దూడను కాలువలో పడేస్తాం. క్రిములు ఎక్కువగా ఉండేది ఆ మాయలో, ఉమ్మనీటిలో, ఆ దూడలోనే. చేతి మీద చిన్న గీత ఉన్నా లోపలికి పోతాయి. కాచని పాలతోనూ వస్తాయి. బలమని పిల్లలకు పట్టే గుమ్మపాలు కూడా కాచని పాలే.

మనిషికి సోకితే జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. చెమటలు, కీళ్ల నొప్పులు, నడుం నొప్పి, నీరసం నెలల తరబడి వదలవు. మలేరియా అనో టైఫాయిడ్ అనో మందులు మారుస్తూ పోతాం. ఇంట్లో గేదె ఈసుకుపోయిందన్న సంగతి డాక్టరుగారికి చెప్పండి. తగిన రక్తపరీక్ష ఉంది, మందులూ ఉన్నాయి. కాని వారాల తరబడి, మధ్యలో మానకుండా వాడాలి.

తెలియకపోవడం ఒక్కటే ఈ రోగానికి బలం కాదు, దాచడం కూడా. సంగతి బయటపడితే గేదె ధర పడిపోతుంది, పాలు పోయించుకొనేవారుండరు. అందుకే చప్పుడు చేయకుండా సంతకు తోలేస్తాం. రోగం కొన్నవాని చావిట్లోకి చేరుతుంది. అతడూ మనలాంటి పేదవాడే.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దును గూర్చిన న్యాయవిధి ఉంది. ఎద్దు పొడుస్తుందని ముందుగా తెలియని యజమాని నిర్దోషి. తెలిసి, హెచ్చరిక విని కూడా కట్టివేయనివాడు దోషి. తెలిసిన తరువాత మన బాధ్యత మారిపోతుంది.

అయితే నష్టమంతా ఒక్క ఇంటిమీద వదిలేసి నిజం చెప్పమనడం న్యాయమా? రోగమున్నదని తేలిన గేదెను అమ్మకుండా ఆపుకొన్న కుటుంబానికి సంఘము, ఊరు తోడు నిలవాలి. మన కానుకలలో ఆ ఇంటికీ పాలుండాలి.

ఇక చేయవలసినవి. నాలుగు నుండి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు టీకా వేయించండి. జీవితంలో ఒక్కసారే. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద అది ఉచితం. గేదె ఈసుకుపోతే పశువుల డాక్టరును పిలవండి, లేదా 1962కు ఫోన్ చేయండి. గ్లౌజులు లేకుండా మాయ ముట్టవద్దు. గర్భిణులను అటు రానివ్వవద్దు. మాయను, దూడను సున్నం చల్లి లోతుగా పూడ్చండి. పాలు బాగా పొంగేదాకా కాచండి.

నిజం చెప్పే ధైర్యాన్ని, నష్టపోయినవారికి తోడుండే మనసును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.